ఒట్టు లేని మాట

మే 3

వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే. మగవాళ్ళకి పనిలేదు, తగాదాలకి లోటు లేదు.

నూకరాజు బాబాయి కొత్త వల పోయింది. గురువారం పొద్దున్న ఇసుకలో ఆరేశాడట. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి లేదట. సత్తెమ్మత్త తీసిందని అంటున్నారు— వల ఆరేసింది ఆమె పాక పక్కన కాబట్టి. ఇంకే కారణమూ లేదు.

గురువారం మధ్యాహ్నం సత్తెమ్మత్త పాలకొల్లులో ఉంది. నేను చూశాను. హాస్టల్ నుంచి వస్తూ బస్సు మారుతుంటే కనబడింది. ఎండుచేపల గంప దింపుకుని నిమ్మసోడా తాగుతోంది. "ఏవే మంగా, సెలవులిచ్చేశారా?" అంది.

మే 4

కులపెద్ద ధనరాజు తాతకి చెప్పాను. విన్నాడు. "మంచిదమ్మా. ఆదివారం అమ్మవారి గుడి దగ్గర పంచాయితీలో కర్పూరం ఆర్పి ఆ మాటే చెప్పు. సరిపోద్ది."

ఆర్పనన్నాను.

"ఏంటీ?"

"ఒట్టు వెయ్యను తాతా. చూసింది చూసినట్టు చెబుతాను. ఎన్ని ప్రశ్నలైనా అడగండి."

నూకరాజు బాబాయి అక్కడే అరుగు మీద పాత వల బాగుచేసుకుంటున్నాడు. "నిరుడు పడవ పూజకి దణ్ణమన్నా పెట్టలేదండి ఈ పిల్ల. భయం లేనిదాని మాటేంటండి, గాల్లో మాట."

తాత కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అది కాదమ్మా... అబద్ధమాడితే అమ్మవారు ఊరుకోదని మాకు భయం. నీకేం భయం?"

ఆలోచించి చెబుతానని వచ్చేశాను. బి.ఎడ్. చదువుతున్నాను. ఇంత చిన్న ప్రశ్నకి...

మే 5

జవాబు ఇవాళ తోచింది, బిందెలు కడుగుతుంటే. అబద్ధం చెబితే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఆ మనిషి మొహం రోజూ చూస్తూ ఇదే వీధిలో తిరగాలి. ఈ భయం చాలదా? దీనికి అమ్మవారు ఎందుకు?

గర్వంగా రాసుకున్నాను. మళ్ళీ చదివితే అంత తేలికగా లేదు. నాది నిజమని నాకు తెలుసు. తాతకి ఎలా తెలుస్తుంది? నేను మంచిదాన్ని ఎలా అయ్యానని కాదు ఆయన అడిగింది. నన్ను నమ్మడానికి ఏదైనా ఆసరా ఇవ్వమన్నాడు.

మే 6

అమ్మ వాదన— "నీకు నమ్మకమే లేదు కదా. లేనప్పుడు ఆర్పితే ఏం పోద్ది? చెయ్యి కూడా కాలదు."

నవ్వొచ్చింది. కానీ చిక్కంతా అక్కడే. నాకేమీ పోదు కాబట్టే ఆర్పకూడదు. వాళ్ళు నా భయాన్ని చూసి నా మాట నమ్ముతారు. ఆ భయం నాలో లేదు. నిజం చెబుతూనే మోసం చేసినట్టు.

ఇదంతా చెబితే, "నీ చదువు మండిపోను, అక్కడ ఆవిడ కూడు పోతోందే" అంది.

అదీ నిజమే.

మే 7

సత్తెమ్మత్త వచ్చింది. నేను లోపలే ఉండిపోయాను. కిటికీలోంచే మాట్లాడింది.

"ఏవే టీచరమ్మా, ఆ పంతం కాస్త తీసి గట్టు మీద పెట్టవే. మళ్ళీ తీసుకుందువు గాని."

నేను నవ్వలేదు. ఆమె కూడా నవ్వు ఆపేసింది.

"దొంగదాన్నని తేలిస్తే రేపు వేట మొదలయ్యాక ఏ పడవోడు నాకు చేపలమ్ముతాడే? ఏం ఎండబెట్టుకోను?"

మే 8

సగం మనసు ఆర్పేద్దామనే.

మే 9

తాత ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగి, మెల్లగా— "దేవుణ్ణి వదిలెయ్యి. మీ ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది నీకొక్కదానికే. ఎండలో గంప మోసి చదివించిన తల్లి. ఆ తల్లి తల మీద చెయ్యేసి చెప్పు. నూకరాజుని ఒప్పించానమ్మా."

"ఓ, అలాగేనండి" అనేసింది అమ్మ. నన్ను అడగనే లేదు.

కర్పూరం అన్నప్పుడు లేని జంకు ఇప్పుడు వచ్చింది. చెప్పేది నిజం. తల మీద చెయ్యి పెడితే ఎవరికీ ఏమీ కాదు. తెలుసు... కానీ వచ్చే నెలలో అమ్మకి జ్వరమొస్తే? నేను చూసింది గురువారమేనా అని మళ్ళీ మొదటి నుంచి తవ్వుకుంటాను. తవ్వుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

గురువారమే. ఆ రోజు పొద్దున్నే ఆఖరి పరీక్ష.

తాత అడిగిన భయం నాలోనూ ఉందన్నమాట. దేవుడి మీద భయం కాదు. ఆలోచించి తెచ్చుకున్నదీ కాదు. దాన్ని పదిమందిలో పెట్టి చూపించాలా? అమ్మని తాకట్టు పెట్టినట్టు కాదూ?

మే 10, ఆదివారం

అమ్మ పెరట్లో తలంటుకుంటోంది. కుంకుడుకాయల వాసన ఇక్కడిదాకా.

"ఇప్పుడెందుకమ్మా తలస్నానం?"

"పదిమందిలో నువ్వు చెయ్యెట్టే తల. జిడ్డోడుతుంటే బాగుంటదా?"

"నీకు భయం వెయ్యట్లేదా?"

"నువ్వు చూశానన్నావుగా. ఇంక భయమెందుకే?" కళ్ళల్లో కుంకుడు పులుసు పడిందని చెంబు కోసం తడుముకుంటోంది. అందించాను.

చూశానన్నావుగా— అంతే. ఆమెకి నా మాట ఒక్కటే చాలింది. ఆ మాటే తాతకి కూడా చాలాలని అడగడం మరీ ఎక్కువా? సత్తెమ్మత్త బతుకు పణంగా పెట్టి అడగొచ్చా?

గుడి దగ్గర జనం చేరుతున్నారు. బాబాయి గొంతు వినిపిస్తోంది. అమ్మ జుట్టుకి తుండు చుట్టుకుని గుమ్మంలో నిలబడింది.

చెయ్యి పెట్టాలా... పక్కన నిలబడి ఊరికే చెప్పాలా...

"రావే, ఆరిపోతోంది తల" అంటోంది.