అబద్ధం చెప్పని పెట్టె

ఏప్రిల్ 3, 2006. సోమవారం

మామిడి కోతలని ఆయన మైలవరం తోటకు వెళ్లారు. నెలాఖరు దాకా రారు. వెళ్తూ నాకేమీ చెప్పలేదు. కారుకు కవరు కప్పి, రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమని మనవరాలికి మాత్రం రెండుసార్లు చెప్పారు. పాత ఎస్టీం. నా పి.ఎఫ్. డబ్బుతో కొన్నాం. అయినా అది ఆయన కారే. స్పీడు నలభై దాటనివ్వరు.

సాయంత్రం శ్రీదుర్గ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. అంటే ఏదో కావాలి. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మామూలు పెట్రోల్ ఇంజిన్‌కు టర్బో పెట్టి నడిపి చూపించాలట. వీళ్లు కొన్న పాత ఇంజిన్ నిన్న పట్టేసిందట, ఇక తిరగదట. వైవా 24న. చూపించలేకపోతే ఏడాదీ పోతుంది, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. బాగా నడిచే ఇంజిన్ ఒకే ఒక్కటుంది అమ్మమ్మా అంది, కారు కవరు వైపు చూస్తూ.

ఆలోచిస్తానన్నాను.

ఏప్రిల్ 4

కారు ఆర్.సి. తీసి చూశాను. నా పేరే ఉంది.

ఏప్రిల్ 5, బుధవారం

ఆటోనగర్‌లో జాన్‌బాబు షెడ్డుకు వెళ్లాం. టర్బో పని చేసేది అతనేనట. మాటకారి. టర్బో అంటే ఏమిటో గోడ మీద సుద్దతో గ్రాఫు గీసి చెప్పాడు. ఎక్స్ మీద ఏమిటో, వై మీద ఏమిటో రాయలేదు. రాయించాను.

టర్బో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిపెట్టి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కావాలి. కారులోని కంప్యూటర్ ఇంత గాలి ఎప్పుడూ చూడలేదు కాబట్టి బెదిరిపోతుంది. అందుకని పిగ్గీబ్యాక్ అనే చిన్న పెట్టె పెడదామన్నాడు. సెన్సారు చెప్పేది కంప్యూటర్ కంటే ముందు ఆ పెట్టె వింటుంది. ఒత్తిడి ఒక హద్దు దాటితే ఆ పైది ఆపేసి, అంతా మామూలే అని కంప్యూటర్‌కు చెప్తుంది. కావలసిన పెట్రోలు వెనకనుంచి తానే పోయిస్తుంది. రెండు రోజుల్లో పని అయిపోతుందండీ అన్నాడు.

అంటే అబద్ధం చెప్తుందా అని అడిగాను.

అబద్ధం కాదు మేడం గారూ, అడ్జస్ట్‌మెంట్ అన్నాడు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. పరీక్ష హాల్లో ఈ మాట చాలామంది నోట విన్నాను. నా పేరున్న బండిలో అది కుదరదన్నాను.

ఇంకో దారి ఉందట, స్టాండలోన్. పాత కంప్యూటర్‌ను తీసేసి కొత్తది పెట్టడం. దానికి అన్నీ ఉన్నవి ఉన్నట్టే తెలుస్తాయి. కాని పుట్టిన పిల్లలాంటిది, ఏ వేగంలో ఏ ఒత్తిడికి ఎంత పెట్రోలో గడి గడికీ మనమే నేర్పాలి. రెండు వారాలు పైనే పడుతుంది, ఖరీదు మూడింతలు. లాప్‌టాప్‌లో పట్టిక చూపించాడు. పదహారు వరసలు, పదహారు నిలువులు. చూడముచ్చటగా ఉంది. అదే పెట్టమన్నాను. తేడా నా పెన్షన్‌లోంచి. శ్రీదుర్గ తల పట్టుకుంది.

తక్కినవి: గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, సరే. పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, సరే. బూస్ట్, అంటే టర్బో ఒత్తిడి, శ్రీదుర్గ 0.8 అడిగింది, 0.4 ఇచ్చాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు తుస్సుమనే వాల్వు ఒకటి ఉంది. కుర్రాళ్లు దానికోసమే వస్తారండీ అన్నాడు. చప్పుడు చెయ్యని రకం కూడా ఉందట, అది పెట్టమన్నాను.

ఏప్రిల్ 8

ఆయన ఫోను. రసాలు బాగా కాశాయట. బండి ఎలా ఉందోయ్ అన్నారు. క్లచ్ మార్పిస్తున్నామన్నాను. నిజమే, క్లచ్ కూడా మారుస్తున్నారు.

ఏప్రిల్ 13

ఆయన ఫోను. రోజూ స్టార్ట్ చేస్తున్నారా అన్నారు. చేస్తున్నారన్నాను. ఎవరు చేస్తున్నారో ఆయన అడగలేదు.

ఏప్రిల్ 16, ఆదివారం

ఈస్టర్. జాన్‌బాబు రాడు. పిగ్గీబ్యాక్ అయితే ఈపాటికి బండి ఇంట్లో ఉండేదని శ్రీదుర్గ పొద్దుటినుంచి సణుగుతోంది. అన్నం తిని సణుగు అన్నాను.

ఏప్రిల్ 19, బుధవారం

తెల్లవారుజామునే రోడ్డు మీద ట్యూనింగ్. ఖాళీ రోడ్డు కావాలన్నాడు. కొండపల్లి దాటి మైలవరం వైపు వెళ్లాం. తోట ఎలాగూ రోడ్డుకు బాగా లోపల కదా అనుకున్నాను. శ్రీదుర్గ నడిపింది, వెనక సీట్లో జాన్‌బాబు లాప్‌టాప్‌తో. నేను ముందు కూర్చుని గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి చూపే మీటరు చదవాలి. బూస్ట్‌లో పన్నెండు దాటితే ఇంజిన్ కాలిపోతుందట, వెంటనే అరవమన్నాడు.

మూడు వేల ఆర్‌పీఎం దగ్గర ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టయింది. పదమూడు అని అరిచాను. టెన్త్ క్లాసులో కూడా అంత గట్టిగా అరిచి ఎరగను. శ్రీదుర్గ కాలు తీసింది. అతను ఆ గడి దిద్దాడు. మళ్లీ వెళ్లాం. పదకొండున్నర.

మళ్లీ అన్నాను.

రాత్రి ఆయన ఫోను. పొద్దున కాయలు లోడ్ చేయించడానికి రోడ్డు మీదికి వచ్చారట. అచ్చం మన బండిలాంటిదే విమానంలా దూసుకుపోయిందట. ఎవడో వెధవ, ముందు సీట్లో ముసలావిడను కూడా కూర్చోబెట్టుకున్నాడు, పాపం ఆవిడ భయంతో అరుస్తోంది అన్నారు. ఇంతకీ మన బండి ఎక్కడుందీ అన్నారు.

షెడ్డులో ఉందన్నాను. ఆ నిమిషానికి అక్కడే ఉంది.

ఫోను పెట్టి తిరిగేసరికి శ్రీదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మమ్మా, అచ్చం పిగ్గీబ్యాక్‌లా మాట్లాడావే, అన్నీ నిజాలే, హద్దు దాటినవి మాత్రం ఆపేశావు అంది. నవ్వుతూనే అంది.



ఏప్రిల్ 21, శుక్రవారం

ఆయనకు ఫోను చేసి చెప్పేశాను. టర్బో సంగతి, కంప్యూటర్ సంగతి, అరిచిన ముసలావిడ సంగతి. వద్దు వద్దని శ్రీదుర్గ నా కొంగు లాగుతూనే ఉంది. వైవా అయ్యాక చెప్పొచ్చు కదా, ఇప్పుడు తాతయ్య బండి లాక్కుంటే నా గతేమిటి అని ఏడ్చింది. అవతలనుంచి ఆయన వస్తున్నానన్నారు.

ఏప్రిల్ 22, శనివారం

పొద్దున మొదటి బస్సుకు దిగారు. కాఫీ తాగలేదు. నిన్ననే షెడ్డునుంచి వచ్చిన బండి తాళం అడిగారు. నన్ను ఎక్కమనలేదు, నేనే ఎక్కాను. రింగు రోడ్డు మీద నలభైలో పోనిచ్చారు. ఇంజిన్ సాధువులా ఉంది. ఏముందిందులో, డబ్బు తగలేశారు అన్నారు. మూడు వేలు దాటించండి అన్నాను.

దాటించారు.

బండి పక్కకు ఆపి దిగారు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. మళ్లీ ఎక్కారు. సీటు బెల్టు పెట్టుకో అన్నారు. పెళ్లయిన నాటినుంచి నా క్షేమం గురించి ఆయన అన్న మొదటి మాట.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇల్లు చేరాం. పెట్రోలు ఇరవై లీటర్లు.

ఏప్రిల్ 24, సోమవారం

కాలేజీకి బండి ఆయనే నడిపారు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. పిగ్గీబ్యాక్ చవక కదమ్మా, ఎందుకు పెట్టలేదు అని ఎగ్జామినర్ అడిగారట. అమ్మమ్మ ఒప్పుకోలేదండీ అందట. తొంభై రెండు మార్కులు.

ఏప్రిల్ 27

కొత్తిమీర తెస్తానని ఆయన కారు తీసుకెళ్లి సాయంత్రానికి వచ్చారు. గేటు దగ్గర కాలు తీయగానే తుస్సుమంది. చప్పుడు చెయ్యని వాల్వు కదా పెట్టించింది, ఏమిటా చప్పుడు అన్నాను.

గాలి అన్నారు.

కొత్తిమీర తేలేదు.