బల్ల అదరకూడదు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానక్కా, తర్వాత" అంటావు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. అందుకే చివరికి కలం పట్టాను.

నీ ప్రయోగశాల మూయొద్దని నువ్వక్కడ కమిటీని బతిమాలుకుంటుంటే, ఇక్కడ ఊరికే కూర్చోలేక ఆ ప్రయోగశాల ఉన్న మన వెనకగది శుభ్రం చేశాను. అంత ఖరీదైన ఉక్కుబల్ల వేలు తగిలితే ఊగుతోంది! నిన్నెవరో మోసం చేశారు. కాళ్ళ కింద చెక్కముక్కలు దూర్చి బిగించాను. ఇప్పుడు పైకెక్కి నిలబడినా కదలదు.

ఇట్లు,
నీ అక్క

తా.క. నిలబడి చూశాను.

*

అక్కయ్యకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి నోట్లో కాఫీ మింగడం మరిచిపోయాను. ఆ బల్ల ఊగాలి! వీధి అదురు పైకి ఎక్కకుండా అది గాలిదిండ్ల మీద తేలుతుంది. దాని మీదున్న పళ్ళేనికి అయస్కాంతపు పూత ఉంది. ఆ పూత మీద ఒట్టి వెలుతురుతో గుర్తు రాసి, అది చెరగకుండా నిలపాలని తల నెరిసేదాకా తంటాలు పడుతున్నాను. వెలుతురును దాని మీదికి మళ్ళించే అద్దం పిసరంత కదిలినా గురి తప్పుతుంది. ఎదురింట్లో రేకులు కొట్టే ఆయన సుత్తి దెబ్బలకే అంతా చెదిరిపోతోంది.

"ఇది పగటికల, గదికి తాళం వేసుకోండి" అని కమిటీ అధ్యక్షుడు మొహం మీదే అన్నాడు. నెల గడువిచ్చాడు. ఈలోగా గుర్తు నిలవకపోతే నా పని అయిపోయినట్టే. లాడ్జిలో కూర్చుని నివేదిక రాస్తున్నాను. చెక్కలు తీసెయ్. నా శిష్యురాలు వచ్చి సరిచేస్తుంది. అక్కడ చీమ కూడా గట్టిగా నడవకూడదు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఎంతసేపు నిలబడ్డావు?

*

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం అందగానే గదిలోకి పరిగెత్తాను. చెక్కలు తీసేశాను. ఆ అమ్మాయి అద్దాలన్నీ మళ్ళీ సర్దుకుంది.

అదురు సంగతి నాకు వదిలెయ్. ఇల్లిల్లూ తిరిగాను. గట్టిగా మాట్లాడటం నాకు రాదు కదా, గుసగుసగానే చెప్పాను: "మా తమ్ముడి జీవితమంతా ఆ గదిలో ఉంది, చప్పుడు చేయకండి" అని. పక్కింటావిడ బావురుమని, మిగతా వీధికి తనే చెప్పింది. రేకులాయన సుత్తి కింద పెట్టాడు. జనం చెప్పులు చేత్తో పట్టుకుని, తలలు వంచుకుని నడుస్తున్నారు. నీ పనంటే ఇంత గౌరవమని నాకు తెలియదురా!

మీ కమిటీ ఆఫీసు నుంచి ఒకాయన కూడా వచ్చాడు. "సారు..." అనబోతే పెదాల మీద వేలు పెట్టి, మూసిన గది చూపించాను. టోపీ తీసి, వెంట తెచ్చిన గులాబీలు గేటుకి ఆనించి వెళ్ళాడు. ఎంత మర్యాదస్తుడో!

నీ అక్క

తా.క. కర్టెన్లు దులిపేంతసేపే.

*

అక్కయ్యా,

నేను చచ్చిపోయానట!

ఈ ఉదయం కమిటీ గదికి వెళితే అందరూ లేచి మౌనం పాటిస్తున్నారు. ఎవరో పాపం అనుకుని గుమ్మం దగ్గర నేనూ తల వంచాను. తలెత్తితే ఎదురుగా నా ఫొటో! అధ్యక్షుడు ముక్కు చీదుకుంటూ "నా మాటే ఆయన ప్రాణం తీసింది. ఆ గది మూయం, ఆయన పేరే పెడతాం" అన్నాడు. ఎవరి కంటా పడకుండా లాడ్జికి పారిపోయి వచ్చాను.

పోయాననుకుంటే గది దక్కింది. ఉన్నానంటే తాళం పడుతుంది. ఏం చెయ్యనే?

నీ తమ్ముడు

తా.క. వాళ్ళకి నా ఫొటో అంతకన్నా మంచిది దొరకలేదా?

*

తమ్ముడూ,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి రెండుసార్లు చదివాను. దేవుడా, నా నోటితో నిన్ను చంపానా!

అంతలో నీ శిష్యురాలు పరిగెత్తుకొచ్చింది. "గుర్తు నిలిచిందండీ! వెలుతురు రాసింది రాసినట్టే ఉంది!" అంటూ ఏడుపు. విషయం చెప్పాను. కళ్ళు తుడుచుకుని, "ఒక్కసారి చాలదండీ, మళ్ళీ నిలవాలి. అందాకా సారు కాస్త... అలాగే ఉండలేరా?" అంది. సైన్సుకి ఇంత రాతిగుండె ఏమిట్రా!

నేను ఒప్పుకోలేదు. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పాను. "మేం ఏడ్చిన ఏడుపంతా దండగేనా?" అని పక్కింటావిడ విసురుగా తలుపేసుకుంది. రేకులాయన చేతిలో సుత్తి ఉంది. నన్నే చూస్తూ నిలబడ్డాడు. "పోయినాయన కోసం ఆపినోణ్ణి, బతికున్నాయన కోసం ఆపనామ్మా?" అని దాన్ని కింద పెట్టేశాడు.

సాయంత్రం గుర్తు మళ్ళీ నిలిచింది.

ఆ ఫలితాల కాగితాలు ఇందులోనే పెడుతున్నాను. అవి పట్టుకుని, ప్రాణాలతో, ముందు తలుపులోంచే లోపలికి వెళ్ళు.

నీ అక్క

తా.క. అధ్యక్షుడు కుర్చీలో కూర్చున్నాకే కనిపించు. ఫలితాలు ఎంతమందికైనా చూపించుకో. నా ఉత్తరాలు మాత్రం దాచుకో, ఎవరికీ చూపించకు.