నువ్వు కలిపిన పత్తాలు

అన్నా,

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో నా లెక్కల క్లాసులో నీ పేక పత్తాల సంగతే చెప్పాను. కట్టను సరిగ్గా సగం చేసి, పైముక్క పైనే ఉండేలా అటొకటి ఇటొకటి పడేలా నువ్వు కలిపే పద్ధతి. అలా పది లక్షల సార్లు కలిపితే ఏ ముక్క ఎక్కడుంటుందని అడిగాను. కంప్యూటర్‌తో కలిపిద్దామని ఒకమ్మాయి అన్నది. అంత కష్టం అక్కర్లేదు. ఒక్కో ముక్క ఎన్నోసారికి తన చోటికి తిరిగొస్తుందో చూస్తే చాలు. జోకర్లు తీసేస్తే, ఎనిమిదోసారికి యాభై రెండూ మొదటి వరుసలోకే వచ్చేస్తాయి. పది లక్షలను ఎనిమిదితో భాగిస్తే శేషం సున్నా. అంటే అసలు కలపనట్టే. "జర ఆగుండ్రి, ఇంకోసారి కలుపుత" అని మమ్మల్ని ఊరికే సతాయించావన్నమాట.

ఇవాళ నీ సంవత్సరీకం. చుట్టాలు వెళ్లిపోయాక, ఎల్బీనగర్ ఇంట్లో వదిన నీ కట్ట తెచ్చింది. చివరి ఆట తర్వాత నువ్వు సర్ది పెట్టినట్టే ఉంది. ఏడాదిగా ఎవరం ముట్టలేదు.

"కలుపు, ఒక ఆట ఆడుదాం. ఆయనకు ఇష్టమైంది గిదొక్కటే" అన్నది.

నువ్వు పెట్టిన వరుస చెరపడానికి నాకు చేతులు రాలేదు. చివరికి జోకర్లు పక్కన పెట్టి, నీలాగే తప్పుపోకుండా ఎనిమిదిసార్లు కలిపాను. కట్టను వదిన ముందు పెట్టి, "అన్న పెట్టిన వరుస అట్లనే ఉన్నది వదినా" అని చెప్పాను.

"గట్లనా" అని కట్టమీద చెయ్యి వేసింది. ఎదుటివాళ్లు కోయకుండా పంచొద్దన్నది నువ్వు పెట్టిన నియమమే కదా.

వదిన కట్ట కోసి, పై సగాన్ని కిందికి మార్చింది. "పంచు" అన్నది.