సగానికి తెగిన ఈటెలు

ఏవండీ,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. బల్లమీద బొమ్మలతో యుద్ధాలాడే మీ క్లబ్బువాళ్లు మీ బొమ్మ సైన్యాన్ని అద్దాల బీరువాలో పెట్టి, పైన మీ పేరు రాసి, నన్ను పిలిచారు. మన సంత్రాగాఛి స్టేషన్లో లోకల్ రైలెక్కి వెళ్లాను.

నాలుగు వందల ఏళ్ల కిందటి మీ యూరప్ సిపాయిల చేతుల్లో ఈటెలన్నీ సగానికి తెగి ఉన్నాయి.

"ఇదేటి సేసినారు?" అన్నాను.

"అర సిన్నది బౌదీ, పట్టనేదు. ఐనా ఎంత ముద్దుగున్నాయో సూడండి," అంటూ, నన్ను బెంగాలీలో వదినా అని పిలిచే మీ క్లబ్బు అప్పలరాజు సందేశ్ మిఠాయి చేతిలో పెట్టాడు. చీదర పుట్టి అక్కడే వదిలేశాను. వాడికి ఈ ఆట నేర్పింది మీరే.

తుపాకివాడు మళ్లీ మందు కూరుకునేదాకా గుర్రాల్ని ఆపేది ఈటెల పొడుగేనని, వాటికోసం నా కొబ్బరి చీపుర్ల పుల్లలన్నీ లాగేసేవారు మీరు.

వారం కిందట "కాస్త సర్దుతాం" అని అప్పలరాజు ఫోన్ చేస్తే, ఏమిటని అడక్కుండా సరేనన్నాను. నా మీదా అంతే అసహ్యంగా ఉంది.

సైన్యాన్ని ఇంటికి తెచ్చేశాను. కొత్త చీపురు విప్పి, కత్తెర పట్టుకుని కూర్చున్నాను. కొలతకైనా ఒక్క ఈటె మిగల్చలేదు వాళ్లు. ఇన్నేళ్లూ విసుక్కుంటూ పుల్లలు ఇచ్చానే గాని, ఎంత పొడుగు కోస్తున్నారో మిమ్మల్ని ఒక్కసారీ అడగలేదు.