ప్రమాణం తేలేలోపు పాస్‌వర్డు మార్చమని

తీర హెచ్చరిక మైకుల ప్రత్యేకాధికారి గారికి,
మచిలీపట్నం.

గిలకలదిండి కాపురస్తుడు ఒడుగు కోటిలింగం గారి కుమార్తె, గుడివాడలో ఒక ఇంటర్నెట్ కేబుల్ ఆఫీసులో నెట్‌వర్క్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న అరుణకుమారి రాసుకుంటున్న అర్జీ.

అయ్యా,

విషయం: గిలకలదిండి నుంచి నాగాయలంక దాకా ఉన్న ముప్పై ఒక్క హెచ్చరిక మైకులకు ఒకే పాస్‌వర్డు ఉండటం, అది రాతి మీద చెక్కి ఉండటం, దాన్ని వెంటనే మార్చవలసిన అవసరం గురించి.

1. తుఫాను వస్తే బోట్లను వెనక్కి పిలవడానికి తమరు పెట్టించిన మైకులు ఇంటర్నెట్ మీద పనిచేస్తాయి. బందరులో ఒకరు మాట్లాడితే ముప్పై ఒక్క ఊళ్లలో వినపడుతుంది. అది వినగానే రేవులో ఆడవాళ్లు సముద్రం మీదున్న తమ మగవాళ్లకు, సిగ్నల్ అందినంత మేర, ఫోన్లు చేస్తారు. మంచి ఏర్పాటు. ఫిర్యాదు దాని మీద కాదు.

2. వీటిని బిగించిన కాంట్రాక్టరు మైకులను నడిపే అన్ని పెట్టెలకూ ప్రారంభోత్సవం తేదీనే పాస్‌వర్డుగా పెట్టారు. ముహూర్తం చూసి మొదలుపెట్టిన తేదీ కాబట్టి కలిసొస్తుందని, ఎవరూ మరిచిపోరని ఆయన మనుషులు నాతో అన్నారు. మరిచిపోయే వీలు లేని మాట నిజమే. ప్రతి స్తంభం కిందా శిలాఫలకం ఉంది. అందులో అతిథుల పేర్ల కన్నా పెద్ద అంకెల్లో ఆ తేదీ ఉంది.

3. పోయిన నెల పద్నాలుగో తేదీ ఉదయం ఎవరో ఆ పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, తుఫాను వస్తోంది, బోట్లన్నీ తిరిగి రావాలి అని మైకులో చెప్పారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా మావాళ్లు నమ్మారు. వేసిన వలలు లాగే వ్యవధి లేక కోసేసి వచ్చారు. అందరూ ఒడ్డుకు చేరాక మైకులో సినిమా పాట వచ్చింది.

4. ఆ రోజు నుంచి మా రేవులో ఎవరూ మైకును నమ్మడం లేదు. నా అర్జీ అంతా ఈ ఒక్క వాక్యమే. తక్కినవి చదవడానికి తమకు తీరిక లేకపోతే ఇది చాలు. చేపల వేలంపాట దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి, "ఏమ్మా ఇంజనీరమ్మా, ఈవేళ తుఫానా, పాటలా?" అని అడుగుతున్నారు. మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. ఇలాంటివి బాగుచేయడానికే నన్ను చదివించామని మా అమ్మ అందరికీ చెప్పుకుంది.

5. నేను శిలాఫలకం మీది తేదీ కొట్టి చూశాను. గిలకలదిండి పెట్టె తెరుచుకుంది. దేన్నీ ముట్టుకోకుండా బయటకు వచ్చి ఆ రోజే తమ కార్యాలయానికి రాశాను. వారం తర్వాత రెండు కాగితాలు వచ్చాయి. అనుమతి లేకుండా పెట్టె ఎందుకు తెరిచారో సంజాయిషీ ఇవ్వమని ఒకటి. నా ఫిర్యాదును తీరప్రాంత నెట్‌వర్క్ ఇంజనీర్ల వేదికకు సాంకేతిక అభిప్రాయం కోసం పంపామని, వారు ప్రమాణం, అంటే మైకులు ఎలా పనిచేయాలన్న నియమావళి, ఖరారు చేసేదాకా ఉన్న ఏర్పాటే కొనసాగుతుందని రెండోది. సంజాయిషీ దీనికి జతపరిచాను. ఒక్క ముక్కలో, తెరవకపోతే తెరుచుకుంటుందని తెలియదు.

6. ఆ వేదికలో నేనూ సభ్యురాలినే. అక్కడ ఏం జరుగుతోందో తమకు తెలియకపోవచ్చు కనుక మనవి చేస్తున్నాను. మైకులో వచ్చే ప్రతి ప్రకటనకూ పంపినవారెవరో రుజువు చేసే డిజిటల్ సంతకం ఉండాలని, సంతకం లేని మాటను పెట్టె పలకకూడదని రాజకుమార్ గారి పక్షం. తుఫాను రోజున నెట్ సగం చచ్చి ఉంటుందని, సంతకం సరిచూసుకోలేక అసలు హెచ్చరికే ఆగిపోతే ఆ పాపం ఎవరిదని అభిషేక్ గారి పక్షం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అదే నా బాధ. ఒకరిది తప్పయి ఉంటే ఈపాటికి తేలిపోయేది. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు ఈమెయిళ్లు నడిచాయి. వాటిలో అరవై, ముసాయిదాలో "తప్పనిసరి" అని రాయాలా, "మంచిది" అని రాయాలా అన్నదాని మీద.

7. వేదికలో ఓట్లు ఉండవు. ఓటంటే మంది బలమని, ఇంజనీర్లకు అది తగదని పెద్దల అభిప్రాయం. ఒప్పుకున్నవాళ్లు నోరు తెరవకుండా "ఊఁ" అనాలి. ఏ పక్షం ఊఁకారం గట్టిగా వినపడితే అటువైపు మొగ్గు ఉన్నట్టు. పోయిన శనివారం ఆన్‌లైన్ సమావేశంలో, సంతకం సంగతి తేలే లోపల కనీసం పాస్‌వర్డులు మార్చమని తమకు సిఫారసు చేద్దామని నేను ప్రతిపాదించాను. ఊఁ అనమన్నారు. ఎవరి మైకు వాళ్లు ఆపుకుని ఉన్నారు. నా ఒక్కదాని గొంతే వినిపించింది. మద్దతు చాలదని రాసుకున్నారు. తర్వాత అభిషేక్ గారు ఫోన్ చేసి, "మీరు చెప్పింది రైటేనండీ. కానీ పాస్‌వర్డు మార్చడం ప్రమాణం కిందికి రాదు కదా, అది ఆఫీసు వాళ్ల పని" అన్నారు. ఆఫీసు వాళ్లు వేదిక పని అన్నారండీ అన్నాను. "ముసాయిదాలో అనుబంధంగా పెడదాం" అన్నారు చివరికి.

8. మా నాన్నగారికి ఇదంతా విడమరచి చెప్పాను. రెండు పక్షాల వాదనా ఓపిగ్గా విన్నారు. "మైకు మాట విని ఓసారి వచ్చాం కదమ్మా. ఈసారి సముద్రం చెబితే వస్తాంలే" అన్నారు. సముద్రం చెప్పేసరికి రావడానికి వ్యవధి ఉండదని ఆయనకు నా కన్నా బాగా తెలుసు. ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ముంచిన దివిసీమలో పుట్టిన మనిషి.

కావున తమరు ప్రమాణం కోసం ఆగకుండా ముప్పై ఒక్క పెట్టెలకూ వేరువేరు పాస్‌వర్డులు పెట్టించాలని, పెట్టించిన సంగతి మైకులో కాకుండా ఒక అధికారి స్వయంగా రేవుకు వచ్చి మావాళ్ల ఎదుట చెప్పాలని కోరుతున్నాను. పని నేనే చేసిపెడతాను. ముప్పై ఒక్క ఊళ్లు, రెండు రోజులు, ఒక మోటారు సైకిలు, తమ సంతకంతో ఒక కాగితం. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. దయతో చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
ఒడుగు అరుణకుమారి,
గిలకలదిండి.

తా.క. ఈ అర్జీ మడిచి బస్సుకు బయలుదేరుతుండగా మైకు మోగింది. వాయుగుండం బలపడిందట, వేటకు వెళ్లవద్దట. వాతావరణ శాఖ వారి సైటులో చూశాను, నిజమే. రేవులో నవ్వుతున్నారు సార్. వేటకు పోవడానికి బోట్లలోకి ఐసు ఎక్కిస్తున్నారు. పరిగెత్తి పడవ పడవకీ వెళ్లి చెప్పాను, ఇది నిజంది, ఇది నిజంది అని. ఏది నిజందో ఎలా తెలుస్తుందమ్మా అని అడిగారు. నాలుగు వందల పన్నెండు ఈమెయిళ్లలో ఉన్న ప్రశ్న అదే. నేను తమ ఆఫీసుకు రావడం లేదు, ఈ కాగితం ఫోటో తీసి పంపుతున్నాను. ఎవరినైనా పంపండి, యూనిఫారం ఉన్న మనిషిని, జీపులో, ఇప్పుడే. మా నాన్న బోటు ఇంజను తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచాను. ఆయన నాతో మాట్లాడటం లేదు, ఫరవాలేదు. మిగతా నలభై బోట్ల హ్యాండిళ్లు నాకు ఎవరిస్తారండీ?