పిన్ని ఎంటర్ చేయండి

చిట్టితల్లికి పిన్ని దీవించి రాయునది.

అల్లుడి నడుము నొప్పి తగ్గిందా? మీ అత్తగారి కళ్ళు ఎలా ఉన్నాయి? చంటిదానికి పళ్ళు వస్తున్నాయన్నావు, జ్వరం రాలేదు కదా? నీది జలుబేనా అని ఎవరికైనా చూపించుకున్నావా? ఇక్కడ నాకు ఏ జబ్బూ లేదు, అదే భయంగా ఉంది. అక్క ఒళ్ళు బాగానే ఉంది, మూతే బాగా లేదు.

మొన్న నువ్వు వచ్చి, మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనులో సామాన్లు తెప్పించే బొమ్మకు తాళం వేసి వెళ్ళావు. తప్పు నాదే. మన లాండ్రీకి బొత్తాల డబ్బా కావాలని నొక్కాను. అందిందో లేదోనని మళ్ళీ మళ్ళీ నొక్కాను. పదకొండు డబ్బాలు వచ్చాయి. ఊరందరి చొక్కాలకూ సరిపోతాయి.

నిన్న గంజిపొడి అయిపోయి ఆ బొమ్మ నొక్కితే తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదివాను: పిన్ని ఎంటర్ చేయండి. ఎంటర్ అంటే లోపలికి రమ్మనడమని, బట్టలివ్వడానికి వచ్చిన మాస్టారు చెప్పారు. నామీద ఇంత నమ్మకమా అని కళ్ళు చెమర్చాయి. ముఖం కడుక్కుని, ఫోనుకు దణ్ణం పెట్టి, "నేనే, పిన్నిని" అన్నాను. తెరుచుకోలేదు. కళ్ళజోడు తీసి మళ్ళీ చెప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పటినుంచీ అక్క నాతో మాట్లాడటం లేదు. కన్నతల్లిని వదిలేసి పిన్నిని పెట్టావని మనసు కష్టపడింది కాబోలు. ఉన్నవి రెండు గదులు, ఉన్నది ఇద్దరం. ఇస్త్రీపెట్టె చప్పుడు తప్ప ఇంట్లో మాట లేదు. నాకు ముద్ద దిగడం లేదు. అమ్మను కూడా ఎంటర్ చేయమని అందులో రాయించు తల్లీ.

ఇట్లు,
నీ పిన్ని.

తా.క.: ఫోనులోనే అడగొచ్చు కదా అంటావేమో. దాని మీద చాడీలు దానికే చెప్పమంటావా?

*

పిన్నికి నమస్కారాలు.

అందరం బాగున్నాం. నాది జలుబే. ఆఫీసుకు పరిగెడుతూ రెండు ముక్కలు రాస్తున్నాను. అది అడిగేది నిన్ను కాదు. అది నాలుగంకెలది. బయటికి చెప్పకూడనిది కాబట్టి ఉత్తరంలో రాయను. అమ్మకు బాగా తెలుసు.

నీ చిట్టి.

*

చిట్టితల్లికి దీవెనలు.

నీ ఉత్తరం చదవగానే సంగతి అర్థమైంది. నీకు ఇంకో పిన్ని ఉందిగా, మీ నాన్న తమ్ముడి భార్య, దర్జీ. ఆమె ఇంటి నంబరు నాలుగంకెలది, మనది రెండే. ఆమె కుట్టిన కోటును అక్క ఇస్త్రీ చేస్తూ కాల్చి తొమ్మిదేళ్ళయింది. ఆనాటినుంచీ ఆమె ఊసు మనింట్లో చెప్పకూడనిదే. అక్కకు బాగా తెలుసు, సొంత తోడికోడలాయె. అన్నీ అతికినట్టు సరిపోయాయి. నా బుర్ర పాదరసమని మా నాన్న ఊరికే అనలేదు.

నీ ఉత్తరం చూపించి, ఆమెను తీసుకొస్తానని అక్కతో చెప్పాను. తువ్వాలు నోట్లో కుక్కుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఏడుస్తోందనుకున్నాను. చూడలేక రెండు బస్సులు మారి వెళ్ళాను. ఆమె కుట్టుమిషను ఆపకుండానే అంతా విని, "ఫోను పిలిచిందా? పోనీలే, మనుషులెవరూ పిలవలేదు" అంది. తల దువ్వుకుని వచ్చింది.

ఆమె ఎదురుగా కూర్చున్నా ఫోను తెరుచుకోలేదు. అక్క గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఫోనునే చూశారు. కాసేపటికి ఆమె, ఇది తెరుచుకునేదాకా ఈ గడప దాటనని పంతం పట్టి, చిరిగిన కాలర్లు ముందేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. అక్క టీ పెట్టి నా చేత పంపింది. రెండో కప్పు తనే పట్టుకెళ్ళింది. నాతో మాత్రం ఇంకా మాటల్లేవు. నా గుండె ఇట్టే ఆగిపోయేలా ఉంది.

ఇట్లు,
తెరుచుకోని పిన్ని.

తా.క.: నీకు మూడో పిన్ని ఎవరైనా ఉంటే చిరునామా పంపు.

*

పిన్నికి నమస్కారాలు.

పిన్ అంటే మనిషి కాదు, తాళం తీసే నాలుగు అంకెలు. తాళం వెయ్యమన్నది అమ్మే. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఆ సంగతి నీకు చెప్పొద్దంది. ఆ అంకెలు ఎంచింది కూడా అమ్మే. అన్నీ తెలిసీ ఎందుకు ఊరుకుందో నాకు అంతుపట్టడం లేదు. నేనే వచ్చి ఆ తాళం తీసేస్తాను. ఎప్పుడు రమ్మంటావు?

నీ చిట్టి.

తా.క.: మూడో పిన్ని లేదు.

*

చిట్టితల్లికి దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకుని అక్కను నిలదీశాను. మొదటిరోజు మాట్లాడకపోవడం కోపం కాదట. నేను ఫోనుకు దణ్ణం పెట్టడం చూసి, నోరు తెరిస్తే నవ్వు ఆగదని మూసుకుందట. మరి నేను నీ దర్జీ పిన్ని కోసం బస్సెక్కుతుంటే ఎందుకు చెప్పలేదన్నాను. అక్క ఒక కాలరు పూర్తిగా ఇస్త్రీ చేసింది.

"నేను రమ్మంటే అది రాదు. అదే వస్తానంటే నేను ఒప్పుకోను. మా ఇద్దరికీ తెలివి ఎక్కువై తొమ్మిదేళ్ళు పోయాయి. మధ్యలో నీలాంటిది ఒకత్తె కావలసొచ్చింది" అంది.

మెచ్చుకోలనే తీసుకున్నాను. ఇప్పుడు ముగ్గురం మాట్లాడుకుంటున్నాం. అంటే వాళ్ళిద్దరూ మాట్లాడతారు, నాకు సందు దొరకదు. కాలిన కోటు గురించి ఇద్దరూ పోట్లాడుకుంటూ నవ్వుతున్నారు.

అందుకని ఆ తాళం జోలికి మాత్రం రాకు తల్లీ. ఫోను తెరుచుకుంటే ఆమె వెళ్ళిపోవాలి, మాట తప్పే మనిషి కాదు. అంకెలు అక్క చెప్పదు, నేను అడగను. ఆమె మాత్రం రోజూ పొద్దున ఒకసారి ఫోను ముందు కూర్చుని, తెరుచుకోలేదని తృప్తిగా లేచి, ఇక్కడికే తెప్పించుకున్న తన మిషను దగ్గరికి వెళుతుంది. గంజిపొడి మూలకొట్లో కొన్నాం. ఎవరైనా తెలియక తెరిచేస్తారేమోనని నాకు ఒకటే దిగులు, ఆమె లేవగానే ఫోనును ఉతికిన దుప్పట్ల మధ్య దాచేస్తున్నాను.

ఇట్లు,
నీ ఇద్దరు పిన్నుల్లో ఒకతె.

తా.క.: పద్నాలుగో తేదీ ఆదివారం అందరూ రండి. ఏ ఫోను చూసినా అల్లుడి చేతులు ఊరుకోవు, చంటిదాన్ని ఎత్తుకునే పని ఆయనకే అప్పగించు. మరిచిపోకు, పద్నాలుగు, ఆదివారం.