బిళ్ళ మీది మొహం

ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో ఉంటున్న నేను, సింహాచలమ్మను, వర్క్‌షాపు ఫిట్టరు గోవిందరావు రెండో భార్యను, వయసు ముప్పయి ఒకటి, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా. మొగుడి పేరు నోటితో చెప్పే రాయించాను. చెవులు మూసుకునేవాళ్లు మూసుకోవచ్చు. కడుపులో గడ్డ ఉంది గాని బుర్ర బాగానే ఉంది. కాదని ఎవరైనా కోర్టుకెక్కితే, ఏడేళ్లుగా నా మాట విన్న, ఈ ఊరి మలంచా పేటలో ఉండే మనసు డాక్టరు నిరుపమా దీదీ జవాబు చెబుతుంది. దీన్ని అమలు జరిపే బాధ్యతా ఆవిడదే.

1. పెట్టెలోని పద్నాలుగు చీరలు మా అత్త అప్పలనర్సమ్మగారికి. వాటిలో ఒక్కటీ ముందుగా నాది కాలేదు. ప్రతిదాన్నీ పీట మీద పెట్టి, చనిపోయిన మొదటి భార్య జోగమ్మకు చూపించాకే నాకిచ్చారు. కూరలో మొదటి ముక్కా ఆవిడదే.

2. టిఫిన్ క్యారియరు మా ఆయనకు. పెళ్లయిన ఎనిమిదో ఏట నా గొంతు మారిపోయింది. "నాకేటి మిగిల్చినారు? సేప ముక్క నాకెయ్యండి" అని జోగమ్మ నా నోట అడగసాగింది. భూతవైద్యుడు నన్ను వేపమండలతో కొడుతుంటే ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఆ తలుపు రైల్వేది, లేకపోతే అదీ ఆయనకే రాసేదాన్ని.

3. నేను కుట్టిన దిండు గలేబు దీదీకి. వాల్తేరులో పెరిగిన బెంగాలీ మనిషి, మన మాట వచ్చు. నన్ను మంచం మీద పడుకోబెట్టి, కనపడకుండా తల వెనక కూర్చుని, తోచిందల్లా చెప్పమనేది. మూడు నెలలు జోగమ్మే చెప్పింది. ఒక గురువారం దీదీ నా మెళ్లోని సవతి బిళ్ళ చూపించమంది. చచ్చిన సవతి పీడించకుండా ఆవిడ బొమ్మ చెక్కించి రెండో పెళ్లానికి వేసే బంగారు బిళ్ళ అది. చూసి, "నీ మొగం నువ్వే ఎందుకేసుకున్నావు?" అంది.

అద్దంలో పోల్చుకున్నాను. నా ముక్కే. నా గడ్డం మీది నొక్కే. జోగమ్మకు ఫోటో లేదు. గోల్‌బజార్ కంసాలి ఆవిడను ఎన్నడూ చూడలేదు. ఎదురుగా కూర్చున్న పదహారేళ్ల నన్ను చూసి చెక్కేశాడు. ఎనిమిదేళ్లు నేను మొక్కింది నాకే, చేప ముక్క అడిగిందీ నేనే. ఆ రోజు దీదీ దిండు తడిసిపోయింది.

4. తర్వాత ఎవరికీ చూపించకుండా కొని కట్టుకున్న ఆకుపచ్చ చీర మా చెల్లెలు గౌరికి. నాకు వండిపెట్టడానికని దాన్ని బొబ్బిలి నుంచి రప్పించారు. నా తర్వాత ఆయనకు కట్టబెట్టడానికని నాకు తెలుసు. గౌరి పెళ్లి గౌరి ఇష్టం.

5. పోయిన వారం అత్త గౌరిని గోల్‌బజార్ తీసుకెళ్లింది. "కంసాలి తాత నన్నే సూస్తన్నాడప్పా" అంది తిరిగొచ్చి. నిన్న అత్త పెట్టెలో కొత్త బిళ్ళ చూశాను. సవతిని నేను, మొహం గౌరిది. నేనింకా బతికే ఉన్నాను.

ఆ బిళ్ళ నాది కాదంటారేమో. నా చావు కోసం చేయించింది నాది కాక ఎవరిది? రెండు బిళ్ళలూ కరిగించి, దీదీ గౌరికి కమ్మలు చేయించాలి.

6. గౌరీ, నేను తిరిగి వచ్చి ఏమీ అడగను. ఆకలేస్తే నాకు కావాలి అని చెప్పు. ఆ మాట నేర్చుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఎప్పుడైనా నీ నోట నా గొంతు వినిపిస్తే, అడుగుతున్నది నువ్వే.

9 మార్చి 1964, ఖరగ్‌పూర్.
(సంతకం) సింహాచలమ్మ

సాక్షులు: పక్క క్వార్టరు పోలమ్మ (వేలిముద్ర); సూసన్న, కాంపౌండరు.